పదిహేడో టేకు

క్వున్ టాంగ్‌లో ఒకప్పుడు ప్లాస్టిక్ పూలు చేసిన ఫ్యాక్టరీ,
ఎనిమిదో అంతస్తు.
సరుకుల లిఫ్టులోంచి ముందు గిటారు పెట్టె దిగింది,
దాని వెనక, మోకాలికి పట్టీతో, ఔయెంగ్ పాక్-కిన్.
ఇరవై రెండేళ్ల తర్వాత.

పులి వస్తోందన్నారు నాతో.
వచ్చినాయన బూట్లు విప్పి, కాళ్లు చాపుకుని,
చక్కెర తక్కువేసిన పాలటీ ఎక్కడ దొరుకుతుందని అడిగాడు.

మా అమ్మ కుట్టుమిషను పక్క రేడియోలో
నేను పుట్టకముందే చిరిగిన గొంతు అది.
ఆ సంగతి చెప్పలేదు. మైకు ఎత్తు సరిచేశాను.

శ్రుతిని రెండు మెట్లు దించాం.
అయినా మూడో చరణంలో ఒక్క మాట
అందినట్టే అంది జారిపోతోంది.
మా భాషతో వచ్చిన చిక్కే అది,
స్వరం జారితే మాటే మారిపోతుంది.
‘ఫేయ్’ పైన పాడితే ఎగరడం.
అదే ‘ఫేయ్’ కింద పాడితే లావెక్కడం.

నాలుగో టేకు:
“ఈ ఊరి మీద ఇంకా లావెక్కుతున్నాను.”
తనే ముందు నవ్వాడు, పొట్ట తట్టుకుని.
తొమ్మిదో టేకుకి నవ్వలేదు.
పదమూడో టేకంతా దగ్గే.
“కంప్యూటరులో పైకి లాగేస్తాను, ఎవరికీ తెలీదు” అన్నాను.
“ఆకలేస్తోంది” అన్నాడు.

మెట్ల మీద అన్నం డబ్బాలు విప్పాక
పాత డ్రమ్మరు గురించి చెప్పాడు.
లాయ్ సంగ్ ఇప్పుడు మాంగ్‌కాక్ ఎర్ర మినీబస్సు నడుపుతాడట,
రాత్రిళ్లు.
సిగ్నల్ పడితే వేళ్లు స్టీరింగు మీద
మొదటి ఆల్బం రెండో వైపంతా వాయిస్తాయట.
పిలిస్తే రానన్నాడు: సోలో అన్నావుగా, నువ్వే వాయించుకో.
మొన్న ఈయన ఎక్కింది ఆ బండే.
సీట్లు నిండిపోయాయి.
వెనక్కి తిరిగి చూడనైనా చూడకుండా దింపేశాడు:
“నిలబడి రాకూడదు.”

చాప్‌స్టిక్స్ గాల్లోనే ఆగాయి.

నిలబడటం. ‘కేయ్’.
కింద మొదలై కాస్త పైకి లేచే మాట.
పాటల్లో పెద్దగా రానివ్వరు దాన్ని,
చేపల బజారుది, బస్సు క్యూది,
మోకాళ్ల నొప్పులున్నవాళ్లది.

పదిహేడో టేకు.
“ఈ ఊరి మీద ఎగురుతున్నాను” అన్న చోట
“ఈ ఊళ్లోనే నిలబడి ఉన్నాను.”
బియ్యంలో రాయిలా ఆ గరుకు అలాగే ఉంది.
చివర్లో, కింద వీధిలో
వెనక్కొస్తున్న లారీ బీప్ బీప్‌మంది.
“తీసెయ్యనా?”
ఒకసారి విన్నాడు, మళ్లీ విన్నాడు.
“శ్రుతిలోనే ఉందిగా. ఉండనీ.”

ఆల్బం వచ్చే వారం.
ఒక కాపీ మీద మాత్రం పేరు రాయకుండా
‘డ్రైవరు సీటు’ అని రాసి నా చేతికిచ్చాడు.

నిన్న రాత్రి ఎక్కాను. ఒక్క సీటు ఖాళీ.
దిగేటప్పుడు చిల్లరతో పాటు ఇచ్చాను.
చదవలేదు. కళ్లద్దాల పక్కన పెట్టుకున్నాడు.
చిల్లర రెండు డాలర్లు తక్కువైంది నాకు.
పర్లేదు, దిగమన్నాడు.