ఎత్వం

టికెట్ పది రూపాయలు. చెప్పులు బయట.
లోతుకుంటలో బస్సు దిగి
"రాజేశం గారిల్లు" అంటే ఆటోవాడికి తెలియలేదు.
"ట్యాంకు ఎనక పాత పెంకుటిల్లా?" అన్నాడు కాసేపటికి.
అదే.

ఇరవై రెండేళ్లు ఆయన ప్రూఫులు దిద్దాను.
కాచిగూడలో, కిటికీ లేని గదిలో, సీసం వాసనలో
ఆయన ఊరిబయటి ఎండని,
సీతాఫలం పొదల్ని,
ఒకదాని భుజమ్మీద ఒకటి ఆగిన గుండ్లని
అక్షరం అక్షరం తడిమాను గాని
ఏనాడూ ఇటు రాలేదు.
తెనాలి దాన్ని. హైదరాబాదంటే నాకు
గది, బస్సు, మళ్లీ గది.

సాయిలనే కుర్రాడు తాళం తీశాడు.
బల్ల. కలం. కళ్లజోడు, ఒక కాడకి నల్లదారం.
గోడ మీది పలకలో "మహా రచయత".
చేయి దానంతటదే
సంచిలో పెన్సిల్ కోసం వెళ్లింది.

అద్దం కింద ఆయన సొంత ప్రతి,
నూట పన్నెండో పేజీ దగ్గర తెరిచి ఉంది.
అచ్చులో: రాత్రికి రాత్రి గట్టు తెగింది.
పైన పెన్సిల్‌తో, కోపం లేని చేత్తో,
గకారం నెత్తిన చిన్న ఎత్వం.
తెగింది కొట్టేసి, జరిగింది.

నాకు గుర్తుంది.
కరెంటు పోయి వచ్చిన సాయంత్రం.
రాతప్రతిలో "గెట్టు జరిగింది" అని చూసి నవ్వాను.
గట్టు ఎక్కడైనా జరుగుతుందా, తెగుతుంది గాని.
కంపోజిటర్ నర్సింగ్‌ని అడగాల్సింది. అతనిది మేడ్చల్.
నా దిద్దుబాటు చూసి ఒక్కసారి తలెత్తాడు,
మళ్లీ అక్షరాల్లోకి వంగాడు.
పదహారు చోట్ల ఎత్వం పీకేశాను.

పుస్తకం వచ్చింది.
అన్నదమ్ముల మధ్య ఆ వరద ఎంత గొప్ప ప్రతీకో అని
ఆదివారం పేజీలో ఒకాయన రెండు కాలాలు రాశారు.
వరద లేదు.
అసలు ఆ నవల్లో వానే లేదు.

ఆయన ఒక్క మాట అనలేదు.
ఏటా దసరా దాటాక ప్రెస్సుకి సీతాఫలాల గంప వచ్చేది.
నా వాటా పొట్లం మీద నా పేరు, వకుళాదేవి.
ళ ఒక్క ఏడాదీ ల కాలేదు.

"ఎనకకు రాండ్రి, జాగ సూపిస్త" అన్నాడు సాయిలు.
పల్లేరుకాయలు, విరిగిన సీసాలు,
పగలగొట్టగా మిగిలిన అరగుండు,
దాని కడుపులో ఇంకా తెల్లగా మెరిసే గాయం.
అటుపక్క పద్నాలుగు అంతస్తులు,
బాల్కనీల్లో ఆరేసిన తువ్వాళ్లు.
గడ్డిలో మోకాలెత్తు రాయి, సున్నం మరకతో.
దాని మీద కాలు పెట్టి చెప్పాడు,
"ఇగో, గెట్టు. అటు పెద్దాయనది, ఇటు సారుది."

నేను రాయిని చూశాను, గోడని చూశాను.
గోడ రాయికి ఇవతల ఉంది,
మూడడుగులు మా వైపు.
"పోయినేడు జరిగింది మేడమ్, గెట్టు.
పొద్దుగాల లేసి సూస్తే గోడున్నది."

నవలలో తమ్ముడు కూడా అంతే.
చీకట్లో రాయి పెకిలించి
అన్న చేలోకి పాతుకున్నాడు.
తెల్లారి అన్న అన్నమాట అది,
రెండే మాటలు,
ఇన్నేళ్లూ నా సంచిలో ఉండిపోయాయి.

సందర్శకుల పుస్తకంలో
పేరు, ఊరు, అభిప్రాయం.
మూడో గడిలో గెట్టు అని రాసి
దాని కింద మూడు చుక్కలు పెట్టాను.

"ఈ సుక్కలేంది?"

కొట్టేసింది అట్లాగే ఉండనియ్యమని
మా పనిలో ఒక గుర్తు, అన్నాను.

"ఎవలు కొట్టేసిండ్రు?" అన్నాడు,
పేజీ అటూ ఇటూ తిప్పి చూస్తూ.

చెప్పులు వేసుకునే నెపంతో
చాలాసేపు వంగే ఉన్నాను.