సిక్స్ బై సిక్స్

దరఖాస్తు నేనే నింపినా.
సార్‌కు చెప్పలే.
చెప్పింటే ఆ కాగితం చించి
వెనకపక్క చుక్కల మందు పేరు రాసి
ఎవరి చేతికో ఇచ్చింటాడు.

"ఇప్పటివరకు చేసిన శస్త్రచికిత్సలు" అని ఒక గడి.
మూడు రాత్రులు రిజిస్టర్లు తిరగేసినా.
వరదొచ్చిన ఏడాదివి లేవు.
హంద్రీ ఆస్పత్రిలోకి నడిచొచ్చి
కింది అరలోవి నాలుగు పుస్తకాలు పట్టుకపోయింది.
ఆ కళ్లన్నీ ఏటి ఖాతాకు వదిలేసి
మిగిలినవి కూడితే
ముప్పై ఎనిమిది వేల చిల్లర.

"ప్రచురించిన పరిశోధనా పత్రాలు" – అడ్డగీత.
"పాల్గొన్న విదేశీ సదస్సులు" –
కోసిగి, ఆలూరు, హొళగుంద అని రాద్దామనిపించింది.
ఇంకో అడ్డగీత.
"ఇతర విశేషాలు" – రెండే వరసలు.
పట్టీ విప్పే ముందు సార్
రెండు అరచేతులూ రుద్దుకొని
వెచ్చ చేసుకుంటాడే,
అది రెండు వరసల్లో ఎట్ల పట్టిస్తావు?

మే నెల ఆఖరి ఆదివారం,
రాజవిహార్ పక్కన ఏసీ హాలు.
నూటయాభై మంది కంటి డాక్టర్లు ఒక్కచోట,
సగం మందికి అద్దాలు.
మైకు దగ్గరి పిల్లకు మద్దిలేటి అని నోరు తిరగలే.
"డాక్టర్ మధులేటి గారు" అనింది.
ఆ మధులేటి ఎవరోనని
సార్ కూడా వెనక్కి తిరిగి చూసినాడు.

శాలువా కప్పినారు, ఆ ఎండలకు.
కన్ను ఆకారంలో గాజు జ్ఞాపిక,
నడుమ నీలం చుక్క,
మోస్తే రెండు కిలోలు.
రెండు మాటలు చెప్పమంటే
"రేపు సోమవారం, ఓపీ ఉంది" అని దిగొచ్చినాడు.
చప్పట్లు కొట్టాల్నా వద్దా
హాలు కాసేపు తేల్చుకోలే.

కారులో మాత్రం అడిగినాడు:
"ముప్పై ఎనిమిది వేలా వలీ?
చూపు రానివి ఎన్నని అడగలేదా వాళ్లు?"
అట్లాంటి గడి లేదు సార్, అన్నా.
బళ్లారి చౌరస్తా దాటేదాకా
మళ్లీ మాట లేదు.

తెల్లారితే తొలి టోకెన్ ఉరుకుందమ్మ.
జొన్నగిరి. పోయిన నెల కుడికన్ను.
ముప్పై ఏండ్లుగా తొలకరికి
చేన్లెంబడి వంగి రాళ్లేరే మనిషి.
దొరికినవి రెండే.
ఒకటి బోరు తాగింది, ఒకటి మొగుడు తాగినాడు.
ఆపరేషన్ బల్ల మీద కూడా ఒకటే పోరు:
"వాన పడేలోపల చూపియ్యి సారూ,
పదునారితే రాయి దాంకుంటాది."

గోడకు బొమ్మల చార్టు.
"పుల్లలు ఎటు తిరిగినాయో వేలితో చూపు"
అంటాండా నేను.
ఆమె చూపు చార్టు మీద లేదు.
యాడ పెట్టాల్నో తెలీక సార్ టేబుల్ మీదే వదిలేసిన
జ్ఞాపిక మీదుంది.
లేచింది. తీసుకుంది.
కిటికీ దగ్గరికి పోయి, ఒక కన్ను మూసి
అటు తిప్పె, ఇటు తిప్పె,
కొంగుతో తుడిచి మళ్లీ తిప్పె.

"ఇది రాయి గాదు సారూ.
ఉత్త గాజు. లోపల ఎలుగు నిలబడల్యా.
ఎంతిచ్చినావు?"

"ఊరికే ఇచ్చినార్లేమ్మా."

"అట్లయితే సరే."

సార్ నవ్వు గది బయట వరసదాకా వినపడింది.
కూర్చున్నోళ్లు కొందరు
ఎందుకో తెలీకుండానే నవ్వినారు.
"చార్టు వద్దులే వలీ," అన్నాడు కళ్లు తుడుచుకుంటా,
"సిక్స్ బై సిక్స్ రాసుకో."

రాసుకున్నా.
బయట మబ్బు పడతాంది.
ఉరుకుందమ్మకు బస్సు తొందర.
ఫ్యాను గాలికి ఎగురుతున్న ఓపీ చీటీల మీద
ఆ గాజుకన్ను బరువుగా పెట్టి పోయింది.

రెండో టోకెన్ పిలిచినా.