ఎవరు లేరో చెప్పేవాడు

మా బడికి ఒకటే గది.
తూర్పు గోడకి ఒక నల్లబల్ల, పడమటి గోడకి ఇంకొకటి.
ఒకటో తరగతి అటు తిరిగి, మూడో తరగతి ఇటు తిరిగి
వీపుకి వీపు ఆనించుకుని కూర్చుంటారు.
మధ్యలో నేను,
ఒక చెవి అక్షరాలకి, ఇంకో చెవి ఎక్కాలకి అప్పగించి.

లెసోతో కొండల్లో జూన్ అంటే ఎముకలు కొరికే చలి.
పొద్దున్నే తలా ఒక పిడక తేవాలి పొయ్యిలోకి,
తేనివాళ్ళు వెనక కూర్చోవాలి.
ఆ నియమం పెట్టింది నేనే,
రోజూ మరచిపోయేదీ నేనే.

సెఖోబె ఒకటో తరగతిలో చేరేనాటికి పదమూడేళ్ళు.
మోకాళ్ళు బల్ల కింద పట్టవు.
ఆరేళ్ళ లింఫో పక్కన
మేకపిల్లల దొడ్లో ఎద్దులా ఒదిగి కూర్చునేవాడు,
కప్పుకున్న కంబళి విప్పకుండా.
సున్నా రాయమంటే దానికి కొమ్ములు మొలిచేవి.
ఇరవై దాటితే లెక్క రాదు.
ఇరవై తర్వాత ఏమిట్రా అంటే
"ఇంకా ఉన్నాయి" అనేవాడు, తప్పేమీ లేనట్టు.
నిజానికి తప్పేమీ లేదు.

ఒకరోజు నేనింకా హాజరు పట్టీ తెరవలేదు.
గది మొత్తం ఒక్క చూపుతో ఊడ్చి
"ముగ్గురు తక్కువ అమ్మా" అన్నాడు.
"త్సెలిసో రాలేదు, వాళ్ళ చెల్లి రాలేదు,
ఎర్రటోపీ పిల్ల వాగు అవతలే ఆగిపోయింది."
నలభై ఒక్క పేర్లూ పిలిచి చూశాను.
ముగ్గురే.
ఎలా తెలిసిందిరా?
నన్ను ఎగాదిగా చూశాడు.
మందలో ఆవు తప్పితే ఎవరైనా లెక్కపెట్టి కనుక్కుంటారా?
అది ఉండాల్సిన చోట గాలి వేరుగా ఉంటుందట.

ఆనాటి నుంచి పట్టీ పేరుకే.

ఇన్‌స్పెక్టరు గుర్రం మీద వచ్చాడు.
పొడుగ్గా కనపడ్డాడని వాణ్ణే లేపి
ఈ గదిలో ఎంతమంది ఉన్నారని అడిగాడు.
"అందరూ ఉన్నారు."
ఆయన కాగితం మీద ఏదో రాసుకున్నాడు.
సంఖ్య మాత్రం కాదు.

ఆగస్టు చివర్లో, పీచ్ చెట్లు ఆకుల్లేకుండా పూసే రోజుల్లో
ఒక సోమవారం మధ్యాహ్నం
మొక్కజొన్న సంకటి గిన్నె ఒకటి మిగిలిపోయింది.
ఎవరిదర్రా ఇది?
ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.
ఎవరు లేరో చెప్పేవాడే లేడు.

కొండ పైన పశువుల మకాంకి పంపేశారు.
ఏడాది కాస్తే జీతం ఒక ఆవు.
మూడు గంటలు నడిచి వాళ్ళింటికి వెళ్ళాను.
"మీ చదువు ఏడాదికి ఎన్ని ఆవులిస్తుంది?" అంది వాళ్ళమ్మ.
ఎత్తిపొడుపు కాదు,
నిజంగా తెలుసుకుందామనే.
ఆమె ఇచ్చిన టీ తాగి వచ్చేశాను.

ఇన్నాళ్ళు రాకపోతే పేరు కొట్టెయ్యాలని ఒక నియమం ఉంది.
అదీ మరచిపోయాను.

మళ్ళీ మే నెలలో,
చేలల్లో కంకులు కోసేసిన దంట్లు మిగిలినప్పుడు
తలుపు దగ్గర నిలబడ్డాడు.
కంబళి పొట్టిదైపోయింది.
చంకలో మడత పెట్టిన సిమెంటు సంచి కాగితం.
దాని మీద బొగ్గుతో ముందు ఆవుల పేర్లు,
ఆనక మా పేర్లు.
లింఫోకి ఒక అక్షరం ఎక్కువైంది.
నేను కుంటి ఆవు పక్కనున్నాను.

"రాత్రిళ్ళు పిలిచేవాణ్ణి" అన్నాడు.
ఎవరు పలికేవార్రా?
"ఆవులు."

పిల్లలంతా విరగబడి నవ్వుతుంటే
వేలు పెట్టి లెక్కపెట్టాను.
మనుషులు నలభై ఒక్కరు, నాతో కలిపి.
మళ్ళీ లెక్కపెట్టాను.

"ఒకరు తక్కువరా సెఖోబె" అన్నాను.

వాడు గదంతా చూశాడు.
తూర్పు గోడ దాకా, పడమటి గోడ దాకా,
పొయ్యి దగ్గర, తలుపు వెనక.
కనుబొమలు ముడిపడ్డాయి.
"లేదమ్మా, అందరూ ఉన్నారు" అన్నాడు.

పొయ్యి అంచున చల్లారిన బొగ్గు ఒకటి ఏరి
వాడి చేతిలో పెట్టాను.