సూత్రం తెగిన చోటు

పొందూరులో మూడో రోజు.
నా ఒళ్లో లాప్‌టాప్, ఆమె చేతిలో వాలుగ చేప దవడ.
నేను నియమాలు రాస్తున్నాను, ఆమె పత్తి దువ్వుతోంది.
నాదీ సూత్రమే, ఆమెదీ సూత్రమే.
ఆమెది ఒంటికి కట్టుకోవచ్చు.

దూది తెల్లగా ఉండి, పోగు పొట్టిగా ఉంటే
అది వంద నంబరు నూలుకి రాదు.
మొదటి నియమం. రెండు షరతులు, ఒక బాణం గుర్తు.
చదివి వినిపించాను.
బూరాడ సన్నెమ్మ తలెత్తకుండానే
"వానొచ్చినప్పుడు గాదు" అంది.

'తప్ప' అని ఒక మాట చేర్చాను.
"కొండపత్తయితే వానొచ్చినా అంతే."
తప్పకి ఇంకో తప్ప.
"పారమ్మ ఏకిందయితే మరి అదీ గాదు,
దాని సేతికి సెమ్మెక్కువ."
పారమ్మ చేతి చెమ్మని
ఏ చరరాశిలో పెట్టను?

మా ఆఫీసులో తర్కం అంటే
ఒకసారి రుజువైంది ఎప్పటికీ నిజం.
కొత్త మాట వచ్చి చేరినా పాత ఫలితం కదలదు.
సన్నెమ్మ దగ్గర
పొద్దుటి నిజం పది గంటల ఎండకి మారిపోతుంది.
"పొద్దున్న అన్నాను గదా, ఇప్పుడన్లేదు"
అని చిలపని ఈ గుట్ట మీంచి ఆ గుట్ట మీద వేస్తుంది,
సిగ్గేమీ పడకుండా.

మరి ఏది ముందు చూస్తావమ్మా,
రంగా, పోగా, బరువా?
ఇది అడగడానికే నన్ను పంపారు.
తెలిసింది రాస్తే చాలదు,
తెలిసింది ఏ వరసలో నడుస్తుందో రాయాలి,
ఎక్కడ ఊహని పట్టుకుంటుందో
ఎక్కడ చెయ్యి వదిలేస్తుందో.

ఆమె టీ తాగింది. గ్లాసు బోర్లించింది.
ఒక ఏకు తీసి అరటిదొప్పలో పెట్టి
"దీన్ని నానేటీ అన్ను. ఉంచుతాను.
ఇంకోటి వడుకుతాను. అది సెప్తాది దీని సంగతి" అంది.

నా దగ్గర ఉన్నవి రెండే గడులు,
అవును, కాదు.
అరటిదొప్ప కోసం మూడోది గీశాను.

మధ్యాహ్నం కోడలు ఒక కాగితం తెచ్చింది.
చేతివృత్తుల పింఛను.
'వివరాలు లభ్యం కాలేదు. కావున
దరఖాస్తుదారు నూలు వడికే వృత్తిలో లేరు.'
ఆ 'కావున'ని గుర్తుపట్టాను. మా ఇంటి మనిషే.
జాబితాలో లేనిది లోకంలో లేదు.
నాలుగేళ్ల కింద నేనూ రాశాను అలాంటిది,
ఎరువుల పంపిణీకి, ఇంకో జిల్లాకి,
రెండే పంక్తులు, భోజనానికి లేచే ముందు.
రైళ్లకి అది చక్కగా సరిపోతుంది.
పట్టికలో లేని బండి దూసి స్టేషన్లో ఆగదు.
మనుషులు మాత్రం
పట్టికలో లేకపోయినా ఆగే ఉంటారు.

"నాను లేనని రాసినారేటి, వడకనని రాసినారేటి?"
రాట్నం తిప్పుతూనే అడిగింది సన్నెమ్మ.
తెలియకపోవడం వేరు, లేకపోవడం వేరు.
అది నేర్చుకోవడానికి నేను
రెండేళ్లు హాస్టల్ సాంబారు తాగాను.

అప్పుడు పోగు తెగింది.

కదురు మీదున్నదంతా ఆమె విప్పలేదు.
కొస వెతికి, నాలుగు వేళ్ల మేర వెనక్కి వెళ్లి,
అంతవరకే విడదీసి,
కొత్త ఏకు మొన దానికి ఆనించి తిప్పింది.
అతుకెక్కడో నాకు కనబడలేదు.

మూడు నెలలుగా నేను వెతుకుతున్నది ఇదే.
వైరుధ్యం ఎదురైతే
తప్పుడు ఊహ ఒక్కటే వెనక్కి తీసుకోవడం,
మిగతా నమ్మకాల జోలికి పోకుండా.
"ఇంకోసారి చేసి చూపించు" అన్నాను.
"తెగితే సేత్తాను" అంది.

రాత్రి శ్రీకాకుళం లాడ్జిలో
నా పాత నియమం తెరిచాను.
'కావున'కి ముందు ఒక షరతు పెట్టాను,
ఎవరైనా ఒకరు వెళ్లి చూసిన తర్వాత.
మార్చే అధికారం మీకు లేదంది తెర.

చొక్కా చేతికి ఒక పోగు అంటుకుని వచ్చింది.
ఎన్నో నంబరో తెలీదు.
ఉంచాను.