కందకం

హెల్మింగ్‌ఫీల్డ్ దాటాక రెండుసార్లు దారి తప్పి
మూడోసారి ఒక గొర్రెల గేటు దగ్గర ఆగాను.
హిల్డా గారడ్ అప్పటికే బురద బూట్లలో ఉంది.
"నీళ్ళు చూడ్డానికేగా, రా" అంది.

బార్లీ చేను నడుమ
నలుపలకల నీటి చట్రం.
లోపల బొమ్మ లేదు.
దురదగొండి, రెండు ముసలి యాష్ చెట్లు,
ఏడువందల ఏళ్ళ కిందట
ఎవరో పొయ్యి వెలిగించుకున్న మెరక.

శత్రువు కోసం తవ్వింది కాదంటారు.
ఈ సఫోక్ బంకమట్టిలోకి ఏ సైన్యం దిగుతుంది?
పక్క పొలం ఆసామికి ఉంది గనక
మనకూ ఉండాలి.
చేపలకి, బాతులకి,
రాత్రిపూట పందుల దొంగలకి,
వియ్యాలవారు వంతెన మీదుగా
కాస్త మెల్లగా నడిచి రావడానికి.

నా చేతిలో ఫారం.
తూర్పు: బాగుంది. ఉత్తరం: పూడిక.
దక్షిణం గడి దగ్గర కలం ఆగింది.
అక్కడ నీరు లేదు. గడ్డి కింద చిన్న పల్లం,
పళ్ళూడిన చిగురులా.

"అది మా నాన్న" అంది హిల్డా.
"అరవై ఎనిమిదిలో. బుల్డోజర్. మూడు రోజులు.
పూడ్చినందుకు గవర్నమెంటు డబ్బులిచ్చింది.
వాటితోనే నాకు పియానో కొన్నాడు.
ఇప్పుడా గవర్నమెంటే
గునపం దించితే కోర్టుకి లాగుతానని
నిన్ను పంపింది."

పియానో ఉందా అని అడిగాను.
"ఉంది. ఎలకలు వాయిస్తాయి."

పడమటి గట్టు మీద కొత్త మట్టి. బ్యాడ్జర్ బొరియ.
దాన్ని ముట్టుకోకూడదని ఒక చట్టం,
గట్టుని ముట్టుకోకూడదని ఇంకో చట్టం.
కంచే చేను మేయడం విన్నాం గానీ
కాపలాని కాపలా తవ్వుకుంటుంటే
ఏ గడిలో రాయాలి?

బొరియ నోట్లో కూజా పిడి ముక్క.
పచ్చిగా ఉన్నప్పుడు నొక్కిన బొటనవేలి గుంట.
నా వేలు ఆనించి చూశాను, పట్టలేదు.
ఆడమనిషిదో, పిల్లవాడిదో.
తియ్యకూడదు, ఎక్కడిదక్కడే ఉండాలి.
ఊరూరా తిరిగి నేను చెప్పే మాటే.

హిల్డా అటు తిరిగింది.
కావాలనే, బాతుల్ని పైకి లెక్కపెట్టడం మొదలుపెట్టింది.
పదకొండు దాకా విన్నాను.

ముక్కని మట్టిలోకి నొక్కి
లేచాను. "పద్నాలుగు" అంది,
నా ఖాళీ చేతులు చూసి.

కారులో కూర్చున్నాక
గోటి కింద బూడిదరంగు మట్టి.
నీళ్ళ సీసా మూత తీసి
మళ్ళీ బిగించాను.
దక్షిణం గడి ఇంకా ఖాళీగానే ఉంది.