నీటి లెక్క

సియోల్ నగరంలో ఒక ఉత్తరపు కొండ మీద
మూడు వందల పన్నెండు ఇళ్లకు నీటి మీటర్లు చదివేవాణ్ణి.
చంద్రుడి పేట అనేవారు దాన్ని.
అందం చూసి కాదు,
పనుల నుంచి పైకెక్కేసరికి చీకటిపడి
చంద్రుడొక్కడే పక్కింటివాడిలా మేలుకుని ఉంటాడని.

మీటరు పెట్టె గుమ్మం పక్కన నేలలో ఉంటుంది.
చలికి గొట్టం పగలకుండా
అందులో పాతబట్టలు కుక్కుతారు.
మూత తీస్తే చాలు, ఎవరిల్లో చెప్పేస్తాను:
ఎర్ర స్వెట్టరైతే కుట్టుమిషను తాక్‌గారిది,
బడి యూనిఫాం ముక్కైతే కవలలది.
సైనికుడి కోటు తొడుక్కున్న మీటరు
ఫిల్‌న్యే అవ్వది.

కొళాయిలు రాకముందు సంగతి అవ్వే చెప్పింది.
కాలవ గట్టు మీది గుడిసెలు తెల్లారుజామున పీకేసి
చెత్త లారీల్లో మనుషుల్ని తెచ్చి
ఈ కొండ మీద దింపారట.
సున్నంతో గీతలు గీసి
ఇది నీది, అది వాడిది అన్నారట.
నాలుగు చాపలు పరిస్తే నిండే జాగా.
ఆ రాత్రే వాన. సున్నం కరిగి కొండ దిగిపోయింది.
తెల్లారి హద్దులు తెలియక
కొందరు కొట్టుకున్నారు, కొందరు నవ్వుకున్నారు,
అవ్వ మాత్రం ఒక అడుగు కలిపేసుకుంది.
"ఇప్పటికీ నా పొయ్యి ఆ అడుగులోనే ఉంది" అంటుంది.

నీళ్లు కొండ కింద. ఒకటే పంపు.
భుజాన కావడి, రెండు రేకు డబ్బాలు, నూట అరవై మెట్లు.
పైకొచ్చేసరికి సగమే మిగిలేవి.
తక్కిన సగం మెట్లు తాగి
చలికాలం మంచై మనుషుల్ని పడేసేవి.
కొళాయి వచ్చిన రోజు అవ్వ
తిప్పడం, కట్టేయడం, మళ్లీ తిప్పడం,
పొద్దుగూకేదాకా అదే పని.
మొదటి బిల్లు చూసి మామగారు రెండు రోజులు మాట్లాడలేదట.

గోడల మీద ముందు కాలేజీ పిల్లలొచ్చి రెక్కలు గీశారు.
ఊరూరి నుంచి వచ్చినవాళ్లు రెక్కల మధ్య నిలబడి
ఫోటోలు దిగారు.
ఏడాది తిరక్కుండా ఆ రెక్కల మీదే
ఎర్రరంగుతో "కూల్చేది" అని రాశారు.
పట్టా ఉన్నవాళ్లకు కొత్త ఫ్లాటు,
అద్దెవాళ్లకు సామాను లారీ ఖర్చు.
సున్నం గీతకు పట్టా ఎక్కడ తెస్తారు?

నా పుస్తకంలో ఇళ్లు ఆగడం మొదలైంది.
పోయిన నెలా ఈ నెలా అదే అంకె అంటే
ఆ ఇంట్లో ఎవరూ బియ్యం కడగలేదని.
మార్చిలో రెండు వందల ఇళ్లు ఆగాయి.
వేసవి దాటేసరికి తొమ్మిది తిరుగుతున్నాయి.
నవంబరుకి ఒక్కటి.

పునర్నిర్మాణ సంఘం గుమాస్తా నామ్‌గుంగ్
మా ఆఫీసుకొచ్చి మర్యాదగానే అడిగాడు:
"అక్కడ ఎవరూ ఉండటం లేదు కదా, సున్నా వేసేయండి."
కాఫీ కూడా తెచ్చాడు.
తాగాను. మంచి కాఫీయే.

కొండెక్కాను.
కోటు తీసి, అద్దం మీది చెమ్మ వేలితో తుడిచి చూస్తే
ఎర్ర ముల్లు గబగబా తిరుగుతోంది.
లోపల క్యాబేజీలు కడుగుతున్న చప్పుడు.
వీధిలో మనిషి లేడు,
అవ్వ ఎప్పట్లాగే నలభై క్యాబేజీలు కొన్నది.
రాశాను: ఏడు యూనిట్లు.

ఆ ఇల్లు ఇన్నేళ్లు ఉందని
చెప్పే కాగితం ఆ అంకెల వరసే అయ్యిందని
తర్వాత విచారణలో తెలిసింది.
అవ్వకు దక్కింది పద్దెనిమిదో అంతస్తులో
అద్దె ఫ్లాటు, ఒకటే గది.
"చంద్రుడికి ఇంకా దగ్గరయ్యాను,
కిటికీ మాత్రం అటు లేదు" అంటుంది.
ఆ భవనాలకు ఏదో ఫ్రెంచి పేరు పెట్టారు.
నోరు తిరగక టాక్సీవాడికి
"పాత పంపు దగ్గర" అని చెబుతుంది.
కుర్రవాడైతే తెల్లమొహం వేస్తాడు.

అక్కడ మీటర్లు వాటి అంకెలు అవే పంపుకుంటాయి.
నన్ను రసీదుల గదికి మార్చారు.
అయినా మొన్న చూసివద్దామని వెళ్లి
వరండాలో, అవ్వ తలుపు పక్కనున్న
మీటరు అలమర తెరిచాను.

ఏ గొట్టమూ గడ్డకట్టని భవనం అది.
అవ్వకీ తెలుసు.

కోటు ఉంది.
మెడదాకా గుండీలు పెట్టి.