కుడిపక్క కుర్రాడు

ఆ కారుకి స్టీరింగు ఎడంవేపు.
మా రోడ్ల నిండా గడ్డిబళ్లు.
బండిని దాటాలంటే అవతల ఏముందో
డ్రైవరు కోటయ్యకి కనపడదు.
అందుకని కుడిపక్క సీట్లో నన్ను కూర్చోబెట్టారు,
నెలకి ఎనిమిది రూపాయలు, రెండు పూటలా అన్నం.
నా పని ఒక్క మాట:
"ఖాళీ."
లేదా, ఆ మాట అనకపోవడం.

ప్యాకార్డు దాని పేరు.
మండపేట నోట్లో పడి పేకాటు కారయింది.
మిల్లు భామిరెడ్డిగారు మద్రాసులో కొన్నారు,
సామాను సర్దుకుంటున్న ఒక దొర దగ్గర.
ఎనిమిది సిలిండర్లు ఒకే వరస,
బంతిలో కూర్చున్న పెద్దమనుషుల్లా,
ఒకరు నమిలే చప్పుడు ఇంకొకరికి వినపడకుండా.

కంపెనీవాళ్లు పేపర్లో వేసుకునేవారట:
"ఉన్నవాణ్ణి అడగండి" అని.
అడక్కేం, ఊరంతా అడిగింది.
"ఏముందండీ, ఏనుగు," అనేవారు రెడ్డిగారు.
"మేత నాది, ఊరేగింపు మీది."

బానెట్టు కొసన ఒక పక్షి,
మెడ వంచి, రెక్కలు పైకెత్తి.
హంస అన్నారు రెడ్డిగారు.
గూడబాతు అన్నాడు మీరాసాహెబు మేస్త్రీ.
కోటిపల్లి రేవులో పంటు తోసే ఓలేటి పోలయ్య
చుట్ట తీసి నవ్వాడు:
"నీరుకాకండి బాబూ! ములిగి లేచి
రెక్కలారేసుకుంటంది, చూళ్లేదా?"
అమెరికాలో కూడా ఈ తగువు తెగలేదని
చాలా ఏళ్లకి తెలిసింది నాకు.

పంటు మీద, గోదారి మధ్యలో,
ఇటూ అటూ నీళ్లు తప్ప ఏమీ లేనిచోట
అలవాటుగా "ఖాళీ" అన్నాను.
కోటయ్య ఆవలి ఒడ్డు దాకా నవ్వుతూనే ఉన్నాడు.

నీళ్ల పంపు పోయింది ఒక వేసంగిలో.
ఇంగ్లీషు మేష్టారితో ఉత్తరం రాయించారు.
అయిదు నెలలకి జవాబు, వేరే ఎవరిదో కాయితం మీద:
ఆ కార్లు ఇక చెయ్యడం లేదు.
మీరాసాహెబు రెండుసార్లు చదివించుకుని
షెడ్డు రేకుతలుపు దించేశాడు.
సాయంత్రం ఎత్తి, గేదెతోలుతో వాషరు కోశాడు.
ఇంకో తొమ్మిదేళ్లు తిరిగింది.

తర్వాత నరసాపురం లేసుల షావుకారు గ్రంధి కామరాజు.
సీట్లకి తెల్ల లేసు తొడిగి పెళ్లిళ్లకి తిప్పాడు.
అడిగితే, "ఎక్కితే రాజునండి,
దిగితే అప్పులోణ్ణి," అన్నాడు.

ఆ తర్వాత లంకలో యర్రంశెట్టి నూకాలు.
ఇంజను ఒక్కటే కొన్నాడు, అరటితోటకి నీళ్లు తోడ్డానికి.
ఎనిమిదిలో అయిదు పలికేవి, తర్వాత మూడు.
అతన్నీ అడిగారు.
"నాకేం తెలుసండీ, అరటికి తెలుసు."
ఎనభై ఆరు వరదలో
తోటా, ఇంజనూ ఒకే రాత్రి పోయాయి.

పక్షి మాత్రం నా దగ్గరుంది.
మొన్న హైదరాబాదు నుంచి ఒక కుర్రాడొచ్చాడు,
పాత కార్ల పిచ్చి, చేతిలో డబ్బు.
కొస విరిగిన ఎడం రెక్క మీద వేలు పెట్టి
"ఇదేమైంది తాతా?" అన్నాడు.

ఉన్నవాళ్లనే అడిగారు ఇన్నాళ్లూ.
నన్ను అడగడం అదే మొదలు.

ఆలమూరు మలుపులో, మార్గశిరం మంచులో,
నిద్రకళ్లతో అన్నాను, "ఖాళీ."
ఖాళీ కాదు.
సైకిలు, దాని మీద మనిషి, కల్లుకుండలు.
కోటయ్య కారుని కాలవగట్టు ఎక్కించేశాడు.
ఆ మనిషి లేచి, కల్లు కారుతున్న ఒంటితో
మా ఏడు తరాల్నీ తిట్టి వెళ్లాడు.
నేను చాలాసేపు వణికాను.
ఇంజను మాత్రం, ఆ స్థితిలోనూ,
చప్పుడు లేకుండా తిరుగుతోంది.

"గేదె అడ్డొచ్చిందండి," అన్నాడు కోటయ్య మిల్లులో.
రెడ్డిగారు ఆ గేదెని మూడు రోజులు తిట్టారు.

లేని గేదె అది.
దానికి నేనింకా బాకీ.

కుర్రాడు ధర పెంచాడు.
కాఫీ తాగి వెళ్లమన్నాను.